ఎర్ర టేపు లేని కుర్చీ

అతన్ని ఒకచోట కూర్చోబెట్టడం ఎవరి వల్లా కాలేదు. బళ్ళో పంతులు వల్ల కాలేదు, జ్వరం వల్ల కాలేదు, పెళ్ళి వల్ల అసలే కాలేదు. కూర్చుంటే కాలు ఊపుతాడు. కాలు ఊపొద్దంటే వేళ్ళతో బల్ల మీద దరువేస్తాడు. అదీ వద్దంటే లేచి, ఎదురుగా ఉన్న కుర్చీని తిరగేసి దాని కాళ్ళు సమంగా ఉన్నాయో లేదో చూస్తాడు. అతని లెక్కలో ఏ కుర్చీ కాళ్ళూ సమంగా ఉండవు. ఇంట్లో కుర్చీలన్నీ అలా ఒకదాని తర్వాత ఒకటి చెక్కించుకుని, ఇప్పుడు కుర్చీకి తక్కువ, పీటకి ఎక్కువ అన్నట్టు మిగిలాయి.

బొంగరం అని పేరు పెట్టింది అక్క. పెట్టే హక్కు కూడా ఆవిడదే. తల్లి పోయేనాటికి వాడికి పాలపళ్ళు ఊడలేదు. అక్క కుట్టుమిషను తొక్కి వాణ్ణి పెంచింది. కోట్లూ చొక్కాలూ కుట్టడంలో ఆవిడకి మంచి పేరు. మిషను కింద కూర్చుని గుడ్డపేలికలతో, దారపు రీళ్ళతో వాడు బస్సులు కట్టేవాడు, విప్పేవాడు, మళ్ళీ కట్టేవాడు. "కట్టింది కాసేపు ఉండనియ్యరా, నీ సొమ్మేం పోయింది?" అని అక్క కసిరేది. ఉండనిచ్చేవాడు కాదు.

చిత్రం ఏమిటంటే, పెద్దయ్యాక వాడికి సరిగ్గా అదే ఉద్యోగం దొరికింది.

ఆ ఆఫీసులో వస్తువులకి రూపం ఇస్తారు. పెట్టెలు, మిక్సీలు, ఆసుపత్రి మంచాలు, బస్సు సీట్లు, ఏదైనా సరే, ఫ్యాక్టరీలో తయారవడానికి ముందు ఇక్కడ దాని నమూనా ఒకటి పుడుతుంది. చిన్న బొమ్మ కాదు. అసలు వస్తువు ఎంతుంటుందో అంత. ఎందుకంటే కాగితం మీద అందరి మోకాళ్ళూ పడతాయి. నిజంగా కూర్చుంటేనే ఎవరి మోకాలు దేనికి కొట్టుకుంటుందో తెలుస్తుంది. ఆ నమూనాలు చేసే వర్క్‌షాపుకి బొంగరమే మేస్త్రి. ఫోము దిమ్మని వేడి తీగతో కోసి, ఎమరీ పేపరుతో రుద్ది, లప్పం పెట్టి, రంగు కొట్టి ఇనుములా కనిపించమంటే ఇనుములా, తోలులా కనిపించమంటే తోలులా కనిపింపజేస్తాడు. అట్టతో ఫ్రిజ్జు చేస్తే చూసినవాళ్ళు తలుపు తీసి చల్లగాలి కోసం మొహం పెట్టారు.

వర్క్‌షాపు గోడకి ప్లైవుడ్ మనిషి ఒకడు వేలాడుతుంటాడు. మోకాళ్ళూ మోచేతులూ బోల్టులతో మడుస్తాయి. ప్రతి నమూనాలోనూ ముందు వాణ్ణి కూర్చోబెట్టి కొలత చూడాలి. అందరూ వాణ్ణి బావగారు అంటారు. పనేమీ చెయ్యడు, ఏది చేసినా ఆయనకి సరిపోవాలి, సరిపోకపోతే మళ్ళీ మొదటికి రావాలి. అంతకంటే తగిన పేరు ఇంకేం దొరుకుతుంది?

నమూనాల్లో రెండు జాతులు. ఒకటి చూడ్డానికి మాత్రమే. పైన నిగనిగ, లోపల ఫోము. దాన్ని దొరసాని అంటారు. రెండోది బరువు మోయడానికి. మేకులూ, అతుకులూ, పెన్సిలు గీతలూ బయటికి కనిపిస్తుంటాయి. అది గాడిద. దొరసాని ముందొస్తుంది. ఆవిడ అందం అందరికీ నచ్చాకే గాడిద వంతు.

ఒకసారి ఒక పెద్దమనిషి వచ్చి, దొరసాని సోఫా మీద దర్జాగా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. కూర్చోవడం సోఫాలో, తేలడం నేల మీద. అప్పటినుంచి డిజైనరు మేడం ఒక నియమం పెట్టింది. వయసులో మేస్త్రి కంటే చాలా చిన్నది, మాటలో మాత్రం ఎవరికీ చిన్నది కాదు. బరువు మొయ్యని ప్రతి నమూనా మీదా, చెయ్యి పడే చోట, ఎర్ర టేపు ఇంటూ గుర్తులా అంటించాలి. టేపు లేదంటే నమ్మి వాలొచ్చు. ఫొటో తీసేటప్పుడు మాత్రం తీసి, వెంటనే మళ్ళీ అంటించాలి.

ఈ నియమం అక్కకి కూడా కంఠోపాఠమే. పని అయిపోయిన దొరసానుల్ని బొంగరం అప్పుడప్పుడూ ఇంటికి పట్టుకొచ్చేవాడు. ఒకరోజు తెచ్చిన ఇస్త్రీపెట్టె ప్లగ్గు ఏదని అక్క ఇల్లంతా వెతికింది. తర్వాత ఎర్ర టేపు సంగతి చెప్పాడు. ఇక వాడు చంకలో ఏం పెట్టుకుని గుమ్మంలోకి వచ్చినా, ఆవిడ మిషను ఆపి, కళ్ళజోడు పైకి తోసి, ముందు టేపు కోసమే చూసేది. "దొరసానేనా? అయితే నా బల్ల మీద పెట్టకు, పని పాడు" అనేది.

అలాంటి అక్కకి ఉన్నట్టుండి ఎడమ పక్క పడిపోయింది.

చెయ్యి చాలావరకు తిరిగొచ్చింది. కాలు సగమే వచ్చింది. మంచం కాళ్ళ కింద దిమ్మలు పెట్టి బొంగరం ఎత్తు చేశాడు, దాని మీంచి లేవగలదు. వాకరు పట్టుకుని బాత్రూము దాకా పోగలదు. కమోడు మీద కూర్చోగలదు. అక్కణ్ణించి లేవడమే రాదు. గోడకి కడ్డీ బిగిస్తే, అద్దెకొంప గోడ కదా, కడ్డీతో పాటు పెచ్చులూ ఊడొచ్చాయి. బజారులో దొరికే ఇనప చట్రం తెచ్చి పెడితే అది బావగారి కొలత. పొట్టి మనిషి అక్క, అందులో కూర్చుంటే భుజాలు చెవుల్ని తాకాయి. పొద్దున్నా సాయంత్రం బొంగరం భార్య పట్టుకుని లేవదీసేది. మందుల షాపులో ఉద్యోగం ఆవిడది, మధ్యలో రావడం కుదరదు. పక్కింటావిడ నేనొస్తానంటే అక్క చేతులు జోడించి వద్దంది.

"పోనీ నేనున్నా కదక్కా, సెలవు పెడతా" అన్నాడు బొంగరం.

"నోర్ముయ్. నీ ముడ్డి కడిగిందాన్ని నేను. నువ్వొచ్చి నన్ను లేపేదేంటి?" అంది అక్క. ఆ మాట అన్నాక ఇక అటు వాదన లేదు.

ఎవరికీ చెప్పకుండా ఆవిడ తనే ఒక దారి చూసుకుంది. నీళ్ళు తాగడం మానేసింది.

పక్కన పెట్టిన చెంబు పొద్దున ఎంత నిండుగా ఉందో సాయంత్రం అంతే నిండుగా ఉండడం ముందు భార్యే కనిపెట్టింది. పెదాలు పగిలాయి. జ్వరం వచ్చింది, మూత్రంలో మంట వచ్చింది. డాక్టరు గట్టిగా చీవాట్లు పెట్టాడు, ఇలాగే ఉంటే కిడ్నీలు పోతాయన్నాడు. అక్క బుద్ధిగా తలూపింది. ఇంటికొచ్చి మాత్ర మింగడానికి అరగ్లాసు తాగి, మిగతాది పక్కన పెట్టింది. ఆ మిగతా అరగ్లాసు చూసినప్పుడల్లా బొంగరానికి ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. ఆఫీసులో ఉన్నా అదే గుర్తొచ్చేది. బతుకంతా ఊళ్ళో వాళ్ళ నడుములకీ మోకాళ్ళకీ కొలతలు తీశాడు, సొంత అక్కని లేపే వస్తువొకటి చెయ్యలేకపోయాడు.

సరిగ్గా అప్పుడు ఆ పని వర్క్‌షాపుకి వచ్చింది. కమోడు చుట్టూ పెట్టే కుర్చీ. చేతులు ఆనించి, ఒంటరిగా లేవాలి. ఎవరి కొలతకి వాళ్ళు ఎత్తు మార్చుకోవాలి. బొమ్మ చూడగానే బొంగరం లేచి నిలబడ్డాడు. నిజానికి అంతకుముందు కూడా నిలబడే ఉన్నాడనుకోండి.

అంత వేగంగా వాడు ఏ దొరసానినీ చెయ్యలేదు. ఒకటికి పది చేతిపిడులు చెక్కాడు. పాత గ్లవ్సులో దూది కూరి అక్క చేతి కొలతకి ఒక చెయ్యి చేసుకుని, ప్రతి పిడినీ దాంతో పట్టి చూశాడు. చివరికి ముత్యం రంగు వేసి, పిడులకి చెక్క రంగు అద్దాడు. ఆసుపత్రి వాసనే లేదు దాంట్లో. చూసినవాళ్ళందరూ బావుందన్నారు. ఫొటోలు తీశారు. ఇక ఆర్డరు ఇచ్చినవాళ్ళు సరేనంటే గాడిద మొదలుపెట్టాలి. ఆ సరే మాత్రం రాలేదు. ఇవాళ, రేపు, పై వారం అంటూ సాగింది. ఫోను మోగినప్పుడల్లా బొంగరం మేడం బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడేవాడు.

"మేడం, ఎత్తు చూడ్డానికి ఒక్క పూట ఇంటికి తీసుకెళ్తా" అన్నాడు చివరికి.

"తీసుకెళ్ళండి మేస్త్రి గారూ. ఫొటోలకి టేపు తీశాం, మళ్ళీ అంటించి మరీ తీసుకెళ్ళండి."

"అలాగే మేడం."

టేపు చుట్ట చేతిలోకి తీసుకున్నాడు కూడా. ముత్యం రంగు మీద ఆ ఎర్రటి ఇంటూ ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు. అక్క మొదటిసారి చూడబోతోంది. ఎప్పుడూ తన పని చూసి దొరసానేనా అని పెదవి విరిచే అక్క. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆవిడ దాన్ని నిజం వస్తువులా చూడాలనిపించింది. పక్కనే ఉంటాను కదా అనుకున్నాడు. తను పక్కనే ఉండే మనిషి కాదని తనకి తెలియకపోవడమే వచ్చిన చిక్కు. చుట్టని బల్ల మీద పెట్టేశాడు.

ఆదివారం పొద్దున్న. భార్యకి షాపులో డ్యూటీ. దుప్పటి చుట్టి ఆటోలో తెచ్చిన కుర్చీని బాత్రూములో అమర్చి, అక్కని వాకరుతో గుమ్మం దాకా నడిపించుకొచ్చాడు.

అక్క చూసింది. కళ్ళజోడు పైకి తోసుకుంది. కుడి పిడి చూసింది, ఎడమ పిడి చూసింది, వంగి ముందువైపు చూసింది. అంత శ్రద్ధగా తన పనితనం చూస్తోందని బొంగరం లోలోపల పొంగిపోయాడు.

"బావుందిరా" అంది అక్క. "చాలా బావుంది."

ఆ మాటకి ఇక వాడు నేల మీద నిలవలేదు. కుర్చీని అటూ ఇటూ కదిపి చూశాడు. గచ్చు వాలుగా ఉండడం వల్ల ఒక కాలు వెంట్రుకవాసి ఆడుతోంది. వాడి కళ్ళముందు కుర్చీ కాలు ఆడడం! "ఒక్క క్షణం అక్కా, కింద కొట్లో రబ్బరు బుడిపెలు దొరుకుతాయి" అని చెప్పులు సగం తొడుక్కునే మెట్లు దిగాడు.

తిరిగొచ్చేసరికి అక్క బాత్రూము నేల మీద ఉంది. గోడకి చేరగిలబడి, కాళ్ళు చాపుకుని. మోచెయ్యి చీరుకుపోయింది. కుడి చేతిలో విరిగిన పిడి అలాగే ఉంది. విరిగిన చోట తెల్లటి ఫోము, నేలంతా ఫోము పొట్టు.

బొంగరం చేతిలోంచి రబ్బరు బుడిపెలు జారి, కమోడు వెనక్కి దొర్లిపోయాయి.

"సగం లేచానురా" అంది అక్క. ఆయాసపడుతోంది. "నా అంతట నేను. సగం లేచాను." చేతిలో ముక్కని తిప్పి లోపలి ఫోము చూసుకుంది. తర్వాత వాడి మొహంలోకి చూసింది. "ఎర్ర టేపు లేదు కదరా?"

బొంగరం వంగి నేల మీది ఫోము పొట్టు ఏరబోయాడు.

"వెతికాను కూడా. అంతా వెతికాను. లేదు కాబట్టే కూర్చున్నా."

భార్య ఉరుకులూ పరుగుల మీద వచ్చింది. ఎముకలేం విరగలేదని డాక్టరు చెప్పాక, అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా మొగుడి మీద పోసింది. "మీకు కుదురు లేకపోతే పోనీ, ఆవిడకి నడుముండాలా వద్దా?" అంది. అక్క వాణ్ణి వెనకేసుకు రాలేదు. ఎప్పుడూ వచ్చేది. మంచం మీద పడుకుని, గోడవైపు తిరిగి, నెమ్మదిగా మాట్లాడింది.

"కోటు ట్రయలు వేసేటప్పుడు నేను తెల్లదారంతో పెద్ద పెద్ద కుట్లు వేసేదాన్ని, గుర్తుందా? ఇంకా అవలేదని ఎదుటివాడికి కనబడాలి. తొందరపడి తొడుక్కుని పోకూడదు. చూసినవాళ్ళు మెచ్చుకోవాలని నేనెప్పుడైనా ఆ దారం పీకేశానా?"

"లేదక్కా."

"మరి నీకెందుకురా అంత తొందర?"

ఆరోజు బొంగరం కాలు ఊపలేదు. దరువెయ్యలేదు. మంచం పక్కన ఉన్న ఆ పొట్టి కుర్చీలో కూర్చుని, నిండుగా ఉన్న చెంబుని చూస్తూ ఏడ్చాడు.

మర్నాడు విరిగిన ముక్కలు సంచిలో వేసుకుని మేడం ముందు పెట్టాడు. దాచకుండా అంతా చెప్పాడు. మేడం అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది.

"మీ అక్కగారు ఎలా ఉన్నారు?"

"బానే ఉన్నారు మేడం. నీళ్ళు మాత్రం... మాత్రకి కూడా ఇప్పుడు గుక్కెడే తాగుతున్నారు."

మేడంకి ఆ నీళ్ళ సంగతి అప్పటిదాకా తెలియదు. అడిగి అంతా విన్నది. విని, విరిగిన పిడిని కాసేపు చేతిలో పట్టుకుంది. "పొరపాటు మీదే, మేస్త్రి గారూ. దాన్ని తగ్గించి మాట్లాడను" అంది. "గాడిద మాత్రం ఇవాళే మొదలుపెట్టండి. వాళ్ళు సరే అన్నప్పుడు అంటారు."

ఈసారి బొంగరం ఎప్పుడూ లేనంత నిదానంగా చేశాడు. ఇనప గొట్టాలు, మందపాటి ప్లైవుడ్డు, బోల్టులు. రంగు లేదు, లప్పం లేదు. బావగారిని గోడ మీదే ఉంచాడు. ఇసక మూటలు వేలాడదీశారు. తర్వాత మేడం కూర్చుని లేచింది. తర్వాత వర్క్‌షాపు అంతటికీ బరువైన మనిషి, లెక్కలు చూసే ఆయన, కూర్చుని ఒక్క చేత్తో లేచాడు, సరదా పుట్టి మళ్ళీ మళ్ళీ లేచాడు. కుర్చీ కిక్కురుమనలేదు. అయినా బొంగరం బోల్టులన్నీ విప్పి మళ్ళీ బిగించాడు.

దాన్ని ఇంటికి తెచ్చి పెడితే అక్క గుమ్మంలో వాకరు పట్టుకుని చూసింది.

"ఏంట్రా ఈ అవతారం?"

"గాడిద, అక్కా."

"తెలుస్తూనే ఉంది." టేపు కోసం వెతకలేదు. "నువ్వు కూర్చో ముందు."

కూర్చున్నాడు. లేచాడు. కుడి చేత్తో లేచాడు, ఎడం చేత్తో లేచాడు, ఎడమ కాలు ఎత్తి పెట్టి లేచాడు. అక్క అంతా చూసి, "సరే" అని, వాకరు తిప్పుకుని మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

అంతే. ఇక దాని జోలికి పోలేదు. పొద్దున్నా సాయంత్రం మరదలి భుజమే పట్టుకుని లేచేది. "వదినా, నేనిక్కడే ఉంటా, ఒక్కసారి దాన్ని పట్టుకుని చూడండి" అని భార్య బతిమాలితే, ఇవాళ కాదులే అనేది. వాడి పని మీద నమ్మకం పోయిందా, వాడి మీదే పోయిందా? బొంగరానికి ఈ రెండూ ఒకటే. అన్నం తింటూ లేచి బాత్రూములోకి వెళ్ళి బోల్టులు తడిమి వచ్చేవాడు. చెంబు నిండుగానే ఉండేది.

ఒకరోజు పొద్దున్న భార్య షాపుకి వెళ్ళిపోయింది. బొంగరం గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాడు.

"ఒరేయ్, మంచినీళ్ళు" అంది అక్క.

మాత్ర వేసుకుంటుందనుకుని గ్లాసులో అడుగున కాసిని పోసి తెచ్చాడు. అక్క ఆ గ్లాసు వంక, వాడి వంక చూసింది.

"పిల్లికి పోశావా? చెంబు అందుకో."

రెండు చేతులతో చెంబు పట్టుకుంది. ఎడమ చెయ్యి వణికింది. మొదటి గుక్క ఆగి ఆగి దిగింది. తర్వాత ఇక ఆపలేదు. గొంతు కదలడం బొంగరం కళ్ళార్పకుండా చూశాడు. కొంచెం మెడ మీదికి కారింది, తుడుచుకోలేదు. ఖాళీ చెంబు పక్కన బోర్లించి, "ఇక ఆఫీసుకి పో" అంది.

"అక్కా, నేనుంటా. బయటే, తలుపు బయటే ఉంటా."

"పొమ్మన్నానా?"

"పక్కింటావిణ్ణి..."

"ఒరేయ్. టేపు లేదు కదా దానికి?"

"లేదక్కా."

"నిజంగా లేదా?"

"నిజంగా లేదు."

"అయితే పో."

తలుపు దగ్గరికి వేసి బయటికి వచ్చాడు. మెట్లు దిగబోయాడు. కాళ్ళు దిగలేదు. బతుకంతా ఎక్కడా నిలవని మనిషి, మొదటి మెట్టు మీద కూలబడి, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. లోపల ఏ చప్పుడూ లేదు. కింద ఎవరో స్కూటరు తంతున్నారు, అది అంటుకోవడం లేదు. ఇప్పుడే వెళ్ళి తలుపు తియ్యాలా, తీస్తే ఆవిడ మళ్ళీ జన్మలో నీళ్ళు తాగుతుందా? లేవబోయాడు, కూర్చున్నాడు. వాకరు ఈడ్చిన చప్పుడు వినిపించింది. గడియ చప్పుడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. వాడు దేవుణ్ణి తలుచుకోలేదు, ఒక్కొక్క బోల్టునే తలుచుకున్నాడు.

ఇనుము కిర్రుమంది. ఒక మూలుగు. మళ్ళీ నిశ్శబ్దం.

తర్వాత ఫ్లష్ చేసిన చప్పుడు వినిపించింది. బొళబొళా, ఇల్లంతా వినబడేలా.

బొంగరం మొహం సంచిలో దాచుకున్నాడు. వాకరు టకటకా గది దాకా నడిచింది, మంచం కిర్రుమంది. ఆ తర్వాత లోపల్నుంచి అక్క గొంతు, కోటు కుట్టే రోజుల్లో ఉన్నంత గట్టిగా వినిపించింది.

"ఆ కాలు ఊపడం ఆపు! మెట్టు దడదడ ఇక్కడిదాకా వినబడుతోంది. లోపలికొచ్చి చెంబు నింపి పో."